నోఫ్రెట్ పేరులోని పాము

రాజుగారి ఏలుబడిలో పందొమ్మిదో ఏడు, వరదకాలం రెండో నెల, నాలుగో రోజు. ఆ వేళ ఆకు కూడా కదల్లేదు. నైలు నది పొలాల మీదికి పొర్లి, ఎర్రగా నిలబడిపోయి ఉంది. ఆ ఈజిప్టువాళ్లకి ఏడాదికి మూడే కాలాలు, మూడింటికీ ఏరే పెద్ద. అది వేరే సంగతనుకోండి. శవపేటికల మీద అక్షరాలు చెక్కే సెన్బి ఆ రోజు కన్నకూతురి పేటిక ముందు ఉలి పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క గీత కూడా పెట్టలేదు.

వాళ్ల అక్షరాలు బొమ్మలు. పేటిక మీద చెక్కిన బొమ్మకి ప్రాణం వస్తుందని వాళ్ల భయం. అందుకే పాము గుర్తు వస్తే నడిమికి నరికినట్టు చెక్కేవారు, లోపలున్న మనిషిని కాటెయ్యకుండా. పేరు చెడితే మాత్రం ఆ మనిషికి అవతలి లోకంలో చోటు లేదు. సెన్బి ఊళ్లోవాళ్ల పేటికల మీద ఎన్ని పాముల్ని నరికాడో లెక్కలేదు. ఇప్పుడు పిల్ల పేరు నోఫ్రెట్. అందులో 'ఫ' ఉంది. 'ఫ' అంటే కొమ్ముల పాము బొమ్మ. పిల్ల పోయింది ఆ జాతి పాము కాటుకే.

"గురువుగారూ, నరికితే నా చిట్టితల్లి పేరు తెగిపోతుంది. నరక్కపోతే అది మళ్లీ కరుస్తుంది. ఏం చెయ్యమంటారు?"

ఎవరేమడిగినా ముందు చెప్పులు వెతుక్కోవడం సెన్బికి చెక్కడం నేర్పిన గురువు అంఖు అలవాటు. వెతుక్కుని తొడుక్కున్నాడు.

"నడవరా," అన్నాడు.

కొండచరియ విరిగి బయటపడ్డ పాత గోతిలో ఒక పేటిక ఉంది. అంఖు దాని మూత మీద అరచెయ్యి ఆనించాడు. మూత పిండిలా రాలింది. చెదలు. పాములూ, పక్షులూ, పేరూ, అన్నీ ఒకే పొడి.

"దీని మీద పాముల్ని నరికారా, గురువుగారూ?"

"నరికాను. ఎంత ఒద్దికగా నరికానో! చెదలకి చదువు రాదురా."

"ఎవరిదండీ ఇది?"

"మా అమ్మది."

ఇద్దరూ వెనక్కి వచ్చేశారు.

పిల్లని సాగనంపే రోజు వచ్చినా సెన్బి ఉలి ముట్టలేదు. పేరుండాల్సిన చోట చెక్క నున్నగా, ఖాళీగా ఉండిపోయింది; కరిచే పామూ లేదు, తెగే పేరూ లేదు. నోఫ్రెట్ రాగి అద్దం తల్లి తీసుకుంది. పూసల దండ పినతల్లికి వెళ్లింది. నోఫ్రెట్‌కి ఏమీ దక్కలేదు, చివరికి తన పేరు కూడా.

అంఖు ఆ ఖాళీ చోటుని బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"నా చేతికీ ఇంతకంటే బాగా రాదురా," అన్నాడు.