నాలుగు మూలల తగువు

ఇటు పళ్లతోటల నగరం, అటు కనుచూపుకు అందని గడ్డిమైదానం ఉన్న ఒకానొక రాజ్యంలో ఎర్దెన్ ఖాన్ కొత్తగా గద్దెనెక్కబోతున్నాడు. అక్కడ కిరీటాలు పెట్టరు. ఖాన్‌ను తెల్లని ఉన్ని కంబళిమీద కూర్చోబెట్టి, నలుగురు పెద్దలు నాలుగు మూలలూ పట్టి పైకెత్తుతారు. మూల పట్టినవాడి మాటే ఆపైన దర్బారులో చెల్లుతుంది.

తంటా అక్కడే వచ్చింది.

"కంబళి మా గొర్రెలది. మూలలూ మావే," అన్నారు నలుగురు గుడారాల సర్దారులు.

"ఖాన్ తినేది మా గోధుమలు. ఆ బరువు మాది, మోసేదీ మేమే," అన్నారు నలుగురు నగర ప్రభువులు.

బరువు సంగతి మాత్రం నిజమే. మాటామాటా పెరిగి చేతులు కత్తులమీదికి పోయాయి.

తన తెలివిమీద మహా గురి ఉన్న ఖాన్, విదూషకుడు కుల్మత్‌ను పిలిపించాడు. కుల్మత్ గుడారాలు కుట్టే ఇంట పుట్టి నగరంలో పెరిగాడు. అందుకని రెండు పక్షాలవాళ్లూ అతణ్ణి సమానంగా తిట్టేవారు.

"ఎనిమిదిమందికీ సమానంగా దక్కాలి. ఒక మూలను ఇద్దరు పట్టకూడదు. ఇది నా తీర్పు. ఎలాగన్నది నువ్వు చూడు. రేపటికి తేలకపోతే బతికినన్నాళ్లూ నా ఒంటెలకు దువ్వెన వేస్తూ ఉందువుగాని," అన్నాడు ఖాన్.

ఖాన్‌గారి ఒంటెలు మొహం చూసి మరీ ఉమ్ముతాయి. కుల్మత్‌కు నిజంగానే భయం వేసింది. కంబళి ముందేసుకుని తన గుడారంలో కూలబడ్డాడు. దిగులుగా తలెత్తితే గుండ్రటి కప్పు కనిపించింది. వెంటనే లేచి కత్తెర వెతికాడు.

మర్నాడు చూస్తే కంబళి గుండ్రంగా ఉంది. మూలలే లేవు. పోట్లాడడానికేమీ దొరకక ఎనిమిదిమందీ గుర్రుగా చూసుకుంటూ అంచు పట్టి ఎత్తారు. కంబళి మధ్యలో గుంటపడి ఖాన్ అందులోకి జారిపోయాడు. టోపీమీది ఈక తప్ప ఏమీ కనబడలేదు. ఒక్కడు వదిలినా ఖాన్ కిందపడతాడు.

"నీవైపు ఇంకాస్త ఎత్తు బాబూ," అని ఒక సర్దారు ఎదుటి ప్రభువును బతిమాలాడు.

"కుల్మత్, నన్ను గోతిలో పెట్టావేమిటి?" అంది లోపలినుంచి గొంతు.

"నిన్నటిదాకా తలో మూలకూ లాగారు ప్రభూ. ఇప్పుడు ఎవరెటు ఎత్తినా మీరు నడిమధ్యనే ఉంటారు."

టోపీమీది ఈక గడగడ ఊగింది. ఖాన్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు కుదుపుకు మోసేవాళ్లు అంచును ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

కిందికి దిగాక, "ఏం కావాలో కోరుకో," అన్నాడు ఖాన్.

"నేనే తీసేసుకున్నాను ప్రభూ." కుల్మత్ పాదాలు ముందుకు చాపాడు. వాటికి తెల్లని కొత్త జోళ్లు ఉన్నాయి. "అందరూ కత్తులు దూయబోయిన మూలలు ఇవే. మంచి వెచ్చగా ఉన్నాయి."

ఖాన్ మళ్లీ నవ్వి, ఆ జోళ్లు అరగకుండా ఒక గుర్రాన్ని ఇచ్చాడు. ఒంటెను కూడా ఇస్తానన్నాడు గాని, కుల్మత్ రెండు చేతులూ జోడించి వద్దన్నాడు.