మూడు చుక్కల దణ్ణం

వెలగనూరు రాజుగారికి స్నానాలగదిలో ఒక పట్టింపు ఉండేదండీ. ఆయన "చాలు" అన్నాక నీటిచుక్క పడకూడదు.

ఆ ఊరి నీళ్ళేమో ఒట్టి సున్నం. కుంకుడురసం నురగే రాదు, తలంటుకుంటే జుట్టు చీపురుకట్ట అయిపోయేది.

కొలువులో చిట్టెన్న అని ఒకాయన. తెలివైనవాడే, కాకపోతే ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. నీళ్ళలో సున్నం లాగేసే పెద్ద జాడీ ఒకటి తయారుచేసి స్నానాలగది గొట్టానికి బిగించాడు. రాజుగారి పట్టింపు తెలుసు కదా, రెప్పపాటులో టక్కున మూసుకునే కుళాయి కూడా దానికి పెట్టి ఊరంతా చెప్పుకున్నాడు.

నీళ్ళు మెత్తబడ్డాయి. కానీ "చాలు" అన్నప్పుడల్లా గోడలో గొట్టం ధడేల్మనేది. మొదటిరోజైతే రాజుగారు తలమీద నురగతోనే బయటికి పరుగెత్తారండీ.

కోటపనులు చూసే వీరభోగయ్యకి ఇక పండగే. గొట్టంలో దయ్యం దూరిందనీ, జాడీతోపాటు జాడీ తెచ్చినవాణ్ణి కూడా అవతల పారేయాలనీ అన్నాడు. రేపటి స్నానానికి మోత ఆగకపోతే చిట్టెన్న కొలువు వదలాల్సిందేనని రాజుగారు తేల్చేశారు.

చిట్టెన్న తన కొత్త పంచె చింపి గొట్టానికి కట్లు కట్టాడు. పంచె పోయింది గానీ మోత పోలేదు. మర్నాడు స్నానం వేళయిపోతోందని పరుగెత్తుకొస్తుంటే, సరిగ్గా అప్పుడే కాపలావాడు కోటతలుపు మూశాడు.

ధడేల్.

ముక్కు పట్టుకుని కూలబడ్డాక గానీ ఆ మహామేధావికి వెలగలేదు. పరుగెత్తుకొచ్చే నీళ్ళ మొహాన తలుపు వేస్తున్నది తన గొప్ప కుళాయే.

తలుపు తీయించుకుని గబగబా వెళ్ళి దాన్ని పీకేసి, మెల్లగా తిప్పి మూసే పాత కుళాయి బిగించాడు. రాజుగారు "చాలు" అన్నారు. మోత లేదు. కానీ చివర్లో టప్, టప్, టప్ మని మూడు చుక్కలు పడ్డాయి.

"చూశారా ప్రభూ, మీ మాటకి ఈయన ఇచ్చే విలువ," అన్నాడు వీరభోగయ్య.

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమయ్యా, నేను చాలన్నాక ఇవేమిటి?"

చిట్టెన్న వంకాయంత ముక్కుతో చేతులు కట్టుకున్నాడు.

"మీరు సభ చాలించాక మేం మూడుసార్లు వంగి దణ్ణం పెట్టందే కదలం కదా ప్రభూ. నీళ్ళు కూడా అలాగే సెలవు తీసుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ నేనే, బుద్ధిలేక, వాటిని మెడపట్టి గెంటించాను. అందుకే గోలపెట్టాయి."

రాజుగారు తడితలతోనే పడీపడీ నవ్వారు. చిరిగిన పంచెకి బదులు చిట్టెన్నకి జరీపంచెల చాపు ఇప్పించి, రోజూ మూడు దణ్ణాలూ సరిగ్గా పడ్డాయో లేదో చూసే పని వీరభోగయ్యకి అప్పగించారు.