ప్రభువుగారి ఊఁ

“నీలవేణీ, ఇలా రా. నేర్చుకున్నది చూపించు.”

విచిత్రసేన మహారాజు పిలుపుకి లేఖకురాలు నీలవేణి కంప్యూటర్ ముందుకొచ్చింది. మౌస్‌ని రెండు చేతులా ఎత్తి, తెరకి హారతిలా తిప్పింది.

రాజుగారికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ శిక్షణలో ఒక్క లేఖకుడికీ ఒక్క అక్షరం రాలేదు. రేపటికీ రాకపోతే అందరినీ ఏనుగుల సాలలో పేడ ఎత్తడానికి పంపిస్తానన్నారు.

శిక్షకుడు గంభీరభట్టు మీసం దువ్వాడు. పాఠం బంగారమేననీ, బుర్రలే మట్టివనీ విన్నవించాడు.

నీలవేణి కాటుక చెదిరింది. అది చూసి విదూషకుడు వకుళుడి గుండె వానకి తడిసిన మల్లెమొగ్గ అయిపోయింది. ఆమె ఏనుగుల మధ్యకి పోతే కొలువులో ఇక వెన్నెలెక్కడిది? రేపటి పాఠానికి తననీ రానిమ్మని రాజుగారిని బతిమాలాడు.

మర్నాడు రాజుగారు ఎప్పటిలాగే ముందు వరసలో సింహాసనం వేయించుకున్నారు. ఆ కొలువులో ఓ ఆచారముంది. ప్రభువు ‘ఊఁ’ అన్నాక ఇంకెవరూ సందేహం అడగకూడదు.

గంభీరభట్టు యంత్రానికి వీపు, రాజుగారికి చిరునవ్వు చూపిస్తూ మొదలుపెట్టాడు. వకుళుడు మెల్లగా బల్ల కిందికి దూరాడు.

“ఇదిగో ప్రభూ, తెరమీద కిటికీ తెరుచుకుంది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అర్థమైందా?”

“ఊఁ.”

లేఖకులందరూ తలలూపారు.

“ఏ రంగు అక్షరాలు ప్రభూ?” బల్ల కిందనుంచి వకుళుడి గొంతు.

“నీలం,” అన్నారు రాజుగారు.

“ఇంద్రనీలం,” అన్నాడు గంభీరభట్టు, వెనక్కి తిరక్కుండానే.

వకుళుడు లేచి నిలబడ్డాడు. చేతిలో గోడనుంచి పీకేసిన కరెంటు తీగ వేలాడుతోంది.

“కథకైతే ఊఁ కొడితే చాలు ప్రభూ. పాఠానికి ఊహూఁ కూడా కావాలి.”

గంభీరభట్టు మొదటిసారి యంత్రం వైపు తిరిగాడు. నల్లటి తెరలో అతని మీసమే కనిపించింది. ముందు నీలవేణి ఫక్కున నవ్వింది, తర్వాత సభంతా. రాజుగారు కడుపు పట్టుకుని నవ్వి, ముత్యాలహారం తీసి వకుళుడి మెడలో వేస్తూ చెవిలో ఏదో అన్నారు.

వకుళుడు హారం తీసి తిరిగిచ్చేశాడు.

“ఇది వద్దు ప్రభూ. చెవిలో అన్నది పైకి అనండి. అదే నా బహుమతి.”

రాజుగారు కిరీటం సర్దుకున్నారు. లేఖకుల వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

“ఏనుగుల సాలకి పంపాల్సి వస్తే ముందు నన్నే పంపాలి. మొదటి రోజునుంచీ నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.”