ఫ్యాను లేని పెట్టె

ధవళేశ్వరంలో పాటలు రికార్డు చేసే నరహరిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర పదేళ్ళుగా ఆ విద్య నేర్చుకుంటున్న భుజంగానికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఒకనాడు మనసులో మాట ఆపుకోలేక అడిగేశాడు.

"మా ఆవిడ హైమవతి నెల్లాళ్ళ నుంచి నన్ను పల్లెత్తు మాట అనట్లేదండి. ఒకటంటే పది అనే మనిషి! నేను బదులివ్వడం మానేశాను, తనూ అనడం మానేసింది. ఇల్లు చల్లబడింది. శాంతమంటే ఇదేనాండీ?"

నరహరిగారు అలవాటు ప్రకారం పనే చెప్పారు. "శుక్రవారం పేరమ్మగారు వస్తున్నారు. మన కంప్యూటర్ ఫ్యాను చెవిలో జోరీగలా ఉంది. దానికి చప్పుడు లేని పెట్టె ఒకటి తయారుచెయ్యి" అన్నారు.

పేరమ్మకు ఎనభై ఆరేళ్ళు. గోదావరి మీద తెరచాప పడవలు నడిచిన రోజుల్లో ఆమె తండ్రి పాడిన పాట ఒకటుంది. గంటసేపు సాగుతుంది. ఆమె నోట తప్ప ఇప్పుడు మరెక్కడా లేదు. గొంతు పాడైంది, ఒక్కసారే పాడగలనని ఆవిడ ముందే చెప్పింది. ఆ ఒక్కసారీ చేజారకూడదని భుజంగానికి ఒకటే ఆరాటం.

మూడు రోజులు దీక్షగా కూర్చున్నాడు. ఫ్యాన్లన్నీ పీకేసి కొత్త పెట్టె కట్టాడు. లోపలి వేడిని రాగి గొట్టాలు బయటికి మోసుకొస్తే, పెట్టె ఒంటినిండా ఉన్న అల్యూమినియం రేకులు దాన్ని గాలికి వదిలేస్తాయి. ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మురిసిపోయాడు. తీరా శుక్రవారం ఉదయం మైకు పెట్టి వింటే, పెట్టెలోంచి సన్నగా కీచుమంటూ ఒక కూత. ఈ వృత్తిలో వాళ్ళకు ఏ చప్పుడుకైనా బొంతే మందు. గోడకు బొంత, తలుపుకు బొంత. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? నరహరిగారు పేరమ్మను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, బల్లకింద ఉన్న పెట్టెకు నాలుగు వైపులా పాత బొంత చుట్టేశాడు. కూత ఆగింది.

పేరమ్మ పాట ఎత్తుకుంది. గదిలో ఆ గొంతు తప్ప మరేదీ వినిపించడం లేదు. భుజంగం కళ్ళు మూసుకుని తన్మయుడైపోయాడు. ముప్పావుగంటకు కళ్ళు తెరిచేసరికి కంప్యూటర్ తెర నల్లగా ఉంది.

బొంత లాగి రేకుల మీద చెయ్యి వేశాడు. అరచెయ్యి చురుక్కున కాలింది. చల్లారాక మళ్ళీ ఆన్ చేస్తే, మధ్యలో ఆగిన రికార్డింగు తెరుచుకోలేదు. ఎన్ని తంటాలు పడ్డా పాటలో ఒక్క పలుకైనా దొరకలేదు.

"మళ్ళీ పాడమంటావేంటి నాయనా?" అంది పేరమ్మ, బొంగురుపోయిన గొంతుతో. "ఉన్న ఊపిరంతా పాడేశాను గదా."

భుజంగం బొంత పక్కనే నేల మీద కూర్చున్నాడు. వందేళ్ళు బతికిన పాట తన చేతుల్లో పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. గురువుగారు తిట్టినా బాగుండుననిపించింది.

నరహరిగారు తిట్టలేదు. పక్కన కూర్చున్నారు. "ఫ్యాను ఉన్నప్పుడు వేడెక్కితే మొత్తుకునేది. ఆ నోరు మనమే తీసేశాం. ఆపైన నువ్వు బొంత చుట్టావు. ఒక్కసారైనా చెయ్యివేసి చూశావా?" అన్నారు.

"చప్పుడు లేదు కదండీ" అన్నాడు భుజంగం ఏడుపు గొంతుతో. "చల్లగానే ఉందనుకున్నాను."

ఆ మాట తన చెవినే పడ్డాక అతనికి ఇల్లు గుర్తొచ్చింది. కాలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని లేచాడు.

"పెట్టె సంగతి రేపు చూద్దాం" అన్నారు నరహరిగారు. "నువ్వు ఇంటికి వెళ్ళు."