తొండ తిన్న తల

వేరుశనగ చేను గట్టున ఒక రేగుపొద. దాని కొమ్మల నిండా పొట్టలు పైకెత్తుకుని తిరిగే నల్లచీమలు. పొద మొదలు దగ్గర ఒక ముసలి తొండ. ఎవరు ఎదురుపడ్డా అది ఒకటే మాట చెప్పేది: "వేటంటే తల పట్టడమే. తల చిక్కితే తక్కినదంతా చిక్కినట్టే."

ఒక పొద్దున వెండిచారల సీతాకోకచిలుక ఆ పొదకు వచ్చింది. కడుపులో ఆఖరి గుడ్లు. ఒంట్లో ఓపిక లేదు. ఆ రోజు పెట్టకపోతే ఇక పెట్టడం కుదరదు.

లేత రెమ్మ మీద వాలింది. వాలగానే గిర్రున వెనక్కి తిరిగింది. రెక్కలు మూసి, ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దింది. రెక్కల చివరి సన్నటి తోకలు అచ్చం మీసాల్లా కదిలాయి. వాటి మొదట్లో నారింజరంగు మచ్చ, అందులో కన్నులాంటి నల్లచుక్క.

పై కొమ్మ మీది ఉడుత ఊరుకుంటుందా?

"ఏం వదినా, వాలగానే అలా తిరిగావేం?"

"అలవాటు."

"ఆకులు చూడకుండా చీమల్ని చూస్తున్నావేం?"

"ఆకు ఎక్కడైనా దొరుకుతుంది. కాపలా దొరకదు."

"ఊరికే కాస్తాయా చీమలు?"

రెమ్మ మీది చీమ ఒకటి నవ్వింది. "ఊరికే ఎవరు కాస్తారమ్మా? దీని పిల్లపురుగు వీపు మీద తీపి ఊరుతుంది. మా నాలుక్కి చుక్క, దాని ప్రాణానికి కాపలా."

"మరి ఆ పిల్లల్ని నువ్వు చూస్తావా వదినా?"

సీతాకోకచిలుక లేత ఆకును ముంగాళ్ళతో తడిమింది.

"చూడను. బతికితే చాలు."

"ఇంతకీ నీ తల ఎటు? ఇటా, అటా?"

"నా తల తినకే తల్లీ, పని చేసుకోనీ!"

ఆ మాట తొండ చెవిన పడింది. "దాని తల తినాల్సింది నువ్వు కాదే, నేను," అని గొణుక్కుంటూ కొమ్మెక్కింది.

సీతాకోకచిలుక చూసింది. ఎగిరిపోవచ్చు. కానీ చీమలున్న పొద ఆ చుట్టుపక్కల ఇదొక్కటే. అక్కడే ఉండి తోకల్ని ఇంకాస్త ఆడించింది.

మీసాలు కదిలిన వైపు తొండ దూకింది. కరకర నమిలింది. కళ్ళు మూసుకుని, "తల చిక్కింది!" అంది. అంతలోనే మొహం చిట్లించింది. "రుచీ పచీ లేదేం?"

ఉడుత పడీ పడీ నవ్వింది. "నువ్వు తిన్న తల అదిగో తాతా, పక్క రెమ్మ మీద గుడ్లు పెడుతోంది!"

తొండకు ఒళ్ళు మండింది. వెనకా ముందూ చూడకుండా ఆ రెమ్మ మీదికి దూకింది. అక్కడ గుడ్ల చుట్టూ చీమలు కాపున్నాయి. మూతి మీద, కనురెప్పల మీద, దవడ సందుల్లో కుట్టి కుట్టి వదిలాయి. తొండ దబ్బున కిందపడింది.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. నువ్వు ముదిరి చీమలపుట్టవయ్యావేం తాతా?" అని, ఉడుత ఇటు తిరిగింది. "అయ్యో వదినా, నీ తోకలు పోయాయే!"

సీతాకోకచిలుక చివరి గుడ్డు పెట్టి, చిరిగిన రెక్కను ఒకసారి చూసుకుంది.

"పోవడానికే అవి," అంది.

తల తినబోయేవాడు ముందు తల ఎటుందో చూసుకోవాలి.