గాలి లేని మర

ఉత్తర జర్మనీలో హోల్మ్‌స్టెట్ అనే పల్లె శివార్లలో, ఎత్తైన మట్టిదిబ్బ మీద ఒక పాత గాలిమర ఉన్నది. హాంబర్గ్‌లో రైలెక్కి, దిగి, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం పడిగాపులు కాసి, ఆపైన కంకర దారిలో కాళ్లీడ్చుకుంటూ నడిస్తే గానీ దర్శనం కాదు. మర అంతా కర్రే. లావాటి ఒకే స్తంభం మీద నిలబడి ఉంటుంది, గాలి ఎటు మళ్లితే మర మొత్తాన్నీ అటు తోసి తిప్పాలి. చుట్టూ చేలు తప్ప అడ్డం లేదు. గాలి ముఖం మీద చరిచినట్లు వీస్తుంది.

అలాంటి చోట ఉన్న మరను ఊరివారు ‘ఫ్లౌటెన్‌మ్యూలె’ అంటారు. గాలి లేని మర అని అర్థం. ఇదెక్కడి విడ్డూరమని వచ్చిన ప్రతివారూ అడుగుతారు. మా తెలుగు సంఘం ఏటా ఇక్కడికి బస్సు వేస్తుంది. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది కనుక ఈ చిన్న పుస్తకం రాస్తున్నాను. నేను వృద్ధాశ్రమంలో నర్సును. నాకు ఓపిక తక్కువ, చదువరులు మన్నించాలి.

పూర్వం ఇక్కడ క్లాస్ అనే మరవాడు, అతని భార్య గెషె కాపురముండేవారు. మర జమీందారుది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మంచి గాలి వీస్తుండగా రెక్కలు ఆగి కనబడ్డాయా, మర వేరొకరి చేతికి పోతుంది. గాలికి వేళాపాళా ఉండదు గదా! వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది, వచ్చిందంటే ఊపిరి తీసుకోనివ్వదు. వచ్చినన్నాళ్లూ నిద్ర మానుకుని పిండి విసరవలసిందే. అలా కంటి మీద కునుకు లేని ఒక తెల్లవారుజామున క్లాస్ మగతలో తలుపు తీసుకుని, రెక్కలు తిరిగే వైపుకు నడిచాడు. రెక్క కొట్టింది. రొట్టెలు కాల్చే హిన్రిక్ పరుగెత్తుకొచ్చి చేతుల్లోకి ఎత్తుకునే సరికే ప్రాణం లేదు.

గెషెకు తనివితీరా ఏడవడానికైనా తీరిక దొరకలేదు. పోవడానికి ఆమెకు పుట్టిల్లు లేదు. మర పోతే నిలువ నీడ ఉండదు. అందుచేత బస్తాలు తానే మోసింది, మరను తానే తోసి తిప్పింది.

ఆ ఏడు పంట నూర్చాక గాలి పూర్తిగా పడిపోయింది. ఊళ్లో పిండి అడుగంటింది. చివరికి గాలి రానే వచ్చింది. దిబ్బ కింద బండ్లు బారులు తీరాయి. గెషె విసురుతూనే ఉన్నది. ఒక రోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది, గాలి తగ్గలేదు, బండ్లూ తరగలేదు. ఒళ్లు హూనమై, ఎవరు పిలిచినా పలకని స్థితికి వచ్చింది. నిలబడే తూగింది.

ఆ కునుకులో క్లాస్ కనబడ్డాడు. ఒళ్లంతా పిండి. కోపంగా ఉన్నాడట. “గెషె! నేను నిద్రకళ్లతోనే బయటికి పోయాను. నువ్వూ అలాగే పోతావా? బ్రేకు వేసి పడుకో” అన్నాడు.

ఉలిక్కిపడి లేచేసరికి గంట మోగుతున్నది. రాళ్ల మధ్య గింజలు అయిపోతే మోగే గంట అది. గింజ లేకుండా రాయి మీద రాయి తిరిగితే నిప్పు పుడుతుంది, మర కర్రది. ఆమె బ్రేకు వేసింది. రెక్కలు ఆగాయి. బ్రేకు తాడు చేతిలో ఉండగానే బస్తాల మీద ఒరిగిపోయింది.

కింద గగ్గోలు పుట్టింది. “ఇంత గాలి పెట్టుకుని ఆపుతుందా? మా పిల్లలు ఏం తినాలి?” అని కేకలు. అందరికన్నా పెద్ద గొంతు హిన్రిక్‌ది. నాలుగు చీవాట్లు పెడదామని మెట్లెక్కాడు. పిండి విసిరే రాతి మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. గెషె వైపు చూశాడు. ఆనాడు తాను ఎత్తుకున్న క్లాస్ ముఖానికీ ఈమె ముఖానికీ తేడా కనబడలేదట. మునివేళ్ల మీద దిగి వచ్చాడు.

“ఆ తల్లి పడుకున్నది. లేపినవాడి వీపు చిట్లగొడతాను. ఈ పూటకు గింజలు ఉడకేసుకు తినండి” అన్నాడు. అందరూ బండ్లకు చేరగిలబడ్డారు. నిజానికి వారూ అలిసిపోయి ఉన్నారు.

అంతలో రెక్కలు ఆగాయని దూరం నుంచి చూసి జమీందారు పేష్కారు గుర్రం మీద వచ్చాడు. “గాలి ఇలా వీస్తుంటే మర ఎందుకు ఆగింది?” అని గుడ్లురిమాడు.

“గాలా? ఏ గాలి దొరా?” అన్నాడు హిన్రిక్.

ఆ మాట అంటుండగానే పేష్కారు టోపీ ఎగిరి చేలో పడింది. ఆయన వరుసలో ఒక్కొక్కరినే అడిగాడు. తలగుడ్డలు ఎగిరిపోతున్న ఆడవాళ్లూ లేదన్నారు, బండి మీది గడ్డి కొట్టుకుపోతున్న రైతులూ లేదన్నారు. ఆఖరున చర్చి పాదిరిగారు నిలబడి ఉన్నారు. ఆయన అబద్ధమాడరని జిల్లా అంతటికీ తెలుసు.

“మీరు చెప్పండి, గాలి ఉన్నదా?”

పాదిరిగారు ఎగురుతున్న అంగీని రెండు చేతులా అదిమి పట్టుకుని, “లేదు నాయనా” అన్నారు.

పేష్కారు చరచరా మెట్లెక్కి లోపలికి తొంగి చూశాడు. బస్తాల మీద ఒళ్లెరగక పడి ఉన్న గెషె కనబడిందట. దిగివచ్చి టోపీ వెతుక్కుని, “సరే, లేదు” అని వెళ్లిపోయాడు. నాటి నుంచి ఈ మరకు గాలి లేని మర అని పేరు వచ్చింది.

నేటికీ ఆదివారం మధ్యాహ్నం ఎంత గాలి ఉన్నా రెక్కలు ఆపేస్తారు. మరను చూసుకునే లూడెర్స్ గారు మెట్ల దగ్గర నిలబడి “గాలి ఉందా?” అని అడుగుతారు. భక్తులు “లేదు” అనాలి. అప్పుడు అలిసినవారు లోపలికి వెళ్లి బస్తాల మీద పడుకుంటారు. తక్కినవారు బయట కాపలా ఉంటారు. సంతానం, ఉద్యోగం, వీసా ఇక్కడ అడగకండి, దొరకవు. దొరికేది కాసేపు నిద్ర. అదీ చిన్న వరం కాదు.

నేను మొదటిసారి వచ్చింది వరసగా రెండు డ్యూటీలు చేసిన మర్నాడు. ఈ కథ అప్పటికి తెలియదు. లూడెర్స్ గారు అడిగితే చిరాకేసి, “ఉంది కదండీ, కనబడటం లేదా?” అన్నాను. వరుసలో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఒక్కరూ నాకు తెలిసినవారు కారు. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన నా కళ్లలోకి చూసి, “లేదమ్మా, అస్సలు లేదు” అన్నాడు. అవునవును, లేదు లేదు అన్నారు మిగతావాళ్లు. నాకు ఏడుపు ఆగలేదు. లోపలికి వెళ్లి పడుకున్నాను. చీకటి పడేదాకా నన్నెవరూ లేపలేదు.