దాలయ్య తువ్వాలు

ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, అనగనగా ఏటిపాలెంలో దాలయ్య అనే ముసలివాడు ఉండేవాడు. ఊరి పిల్లలు కసరత్తు చేసే తాలింఖానాలో కుస్తీ గోదా మట్టి తవ్వడం, రాళ్లు ఏరడం, నూనె పసుపు కలిపి మెత్తన చేయడం అతని పని. తను మాత్రం ఒక్క కుస్తీ పట్టి ఎరగడు.

బడి వదలగానే పిల్లలు గోదాకి వచ్చేవాళ్లు. ఎవరి చిలక్కొయ్యకి వాళ్లు తువ్వాలు తగిలించేవాళ్లు. ఒక్క కొయ్య ఖాళీగా కనిపిస్తే దాలయ్య తట్ట దించేసేవాడు.

"ఎవరు రాలేదు? ఎందుకు రాలేదు? వెళ్లి చూశారా?"

చూసి వచ్చేదాకా ఎవరినీ గోదాలో దిగనిచ్చేవాడు కాదు.

పిల్లలందరిలో బలవంతుడు మునసబు కొడుకు పైడిరాజు. ఏటా ఏరవతలి బడిపిల్లలతో కుస్తీలు జరిగేవి. రెండేళ్లు వరసగా ఏటిపాలెం ఓడింది.

"మూడోసారి ఓడితే గోదా దున్నించి వేరుశనగ వేయిస్తాను" అన్నాడు మునసబు. కొడుకుని గోదా మాన్పించాడు. "బక్కోళ్లతో పట్టు పడితే నువ్వూ బక్కోడివే అవుతావు" అని పెరట్లో ఇసుక బస్తా కట్టించాడు. పాలు, బాదంపప్పులు పెట్టించాడు.

పైడిరాజు కొయ్య ఖాళీ అయింది. మునసబు ఇంటికి వెళ్లడానికి పిల్లలు జంకారు. దాలయ్యే వెళ్లాడు.

"ఒరే దాలిగా, కుస్తీ గురించి నువ్వా నాకు చెప్పేది? పోయి మట్టి తవ్వుకో" అన్నాడు మునసబు.

రెండోరోజూ వెళ్లాడు.

"నీకు మతి పోయిందా? నిన్ననే చెప్పానుగా."

"మతి పోయే వయసే బాబూ. అందుకే మళ్లీ వచ్చి అడుగుతున్నాను."

మూడోరోజు మునసబు పొలం వెళ్లాడు. తలుపు పైడిరాజే తీశాడు.

"బస్తా మీద రోజూ నేనే గెలుస్తున్నాను తాతా."

"బస్తా ఎప్పుడైనా నీ కాలు పట్టి లాగిందా?"

"లేదు."

"మన బుచ్చిగాడు లాగుతాడు. రా నాయనా."

బుచ్చి అందరికంటే బక్కవాడు. పైడిరాజు గోదాలో దిగగానే వంగి మడమ పట్టి లాగాడు. పైడిరాజు వెల్లకిలా పడ్డాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. మర్నాడూ అంతే. మూడోనాడు పైడిరాజు పడుతూనే ఒళ్లు తిప్పి బుచ్చి మీదికి వచ్చాడు. ఆ తర్వాత రోజూ తండ్రి పొలం నుంచి రాకముందే గోదాకి వచ్చి పోయేవాడు.

పోటీ రోజు వచ్చింది. గెలుపోటములు తేల్చే ఆఖరి కుస్తీ పైడిరాజుది. డప్పులు మోగాయి, జనం అరిచారు. వాడు నేర్చిన పట్లన్నీ మరిచిపోయాడు. అవతలివాడు వంగి మడమ పట్టాడు.

తల మరిచింది గాని ఒళ్లు మరవలేదు. అదే తిరిగింది. అవతలివాడి వీపు నేలకంటింది.

ఊరంతా ఒక్కసారే ఊపిరి వదిలింది. మునసబు ఏటి ఒడ్డు ఇసుకలో చతికిలబడి ముఖం తుడుచుకున్నాడు.

"ఆ తిరగడం బస్తా నేర్పిందట్రా?"

"కాదు నాన్నా. దాలయ్య తాత పిలిచాడు, బుచ్చి నేర్పాడు."

మునసబు లేచి ఇసుక దులుపుకున్నాడు. "వేరుశనగ ఇంకో చోట వేసుకుందాంలే" అన్నాడు.

దాలయ్య పోయిన రోజున చూస్తే గోడ మీద అతనికొక కొయ్యే లేదు. పిల్లలు మొదటి కొయ్య ఖాళీ చేసి, అతని మట్టి తువ్వాలు తగిలించారు.

అతను పొడుగో పొట్టో ఇప్పుడెవరికీ గుర్తులేదు. కానీ ఈనాటికీ అక్కడి పిల్లలు కబడ్డీ ఆడినా, పరుగు తీసినా, ముందు మొదటి కొయ్యకి ఒక తువ్వాలు వేస్తారు. తర్వాత ఒకరినొకరు చూసుకుని అడుగుతారు:

"ఎవరు రాలేదు? ఎందుకు రాలేదు? వెళ్లి చూశారా?"